లెక్కలో లేని పద్దు

స్టీల్ అని ఉంటుంది ఆ గడి మీద.
గిన్నెల స్టీలు కాదు,
దొంగతనం.
ఒక యంత్రం తన వంతు కోసం చెయ్యి చాపి నిలబడి ఉండగా
అడుగునున్న అసలు యంత్రం ఆ క్షణాన్ని
ఇంకొకరి దోసిట్లో పోస్తే
పోయిన కాలాన్ని నూటికి ఇంత అని రాసే గడి.

తార్తూలో, జనవరిలో,
ఆసుపత్రి నేలమాళిగలో కూర్చునే హెల్వె
అప్పటిదాకా ఆ గడిని ఎప్పుడూ చదవలేదు.

రక్తపరీక్షల యంత్రం తెల్లవారుజామున నాలుగింటికి మొరాయిస్తోంది.
పైఅంతస్తు నుంచి ఐమె ఫోను:
"మధ్యాహ్నం గుర్రంలా పోతుంది. నా డ్యూటీలోనే దానికి నిద్ర."
అమ్మినవాళ్ళు ఇంకా పెద్దది కొనమన్నారు.
యంత్రాన్నే అడిగితే
ప్రాసెసర్ ఇరవై శాతం, మెమరీ సగం ఖాళీ,
నాకే పాపమూ తెలీదంది.

కాకిలెక్కలు వద్దనుకుంది హెల్వె.
పందొమ్మిది వరసల షెల్ స్క్రిప్టు రాసింది.
నలభై మూడు వర్చువల్ యంత్రాల పేర్లు ఒక ఫైల్లో.
ఒక్కో పేరూ పిలిచి, తలుపు తట్టి,
వీఎంస్టాట్‌ని రెండుసార్లు అడగాలి.
మొదటి జవాబు ఎప్పుడూ పుట్టినప్పటి నుంచీ సగటు,
దాన్ని నమ్మకూడదు.
రెండోదాంట్లోంచి ఆక్‌తో నాలుగు అంకెలు గిల్లుకుని
ముందు తేదీ, గంట పెట్టి
చిట్టా చివర అతికించాలి.
రెండు బాణం గుర్తులు.
ఒక్కటే పెడితే నిన్నటిదంతా తుడిచిపెట్టుకుపోతుంది.
ఒకసారి పోయింది కూడా, మూడు రాత్రుల పంట.

ఐదు నిమిషాలకోసారి క్రాన్ లేచి
కర్ర చప్పుడు లేని గస్తీ తిరిగొచ్చేది.

తొమ్మిదో పొద్దున
నల్ల రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని చిట్టా తెరిచింది.
నాలుగూ పది: ముప్పై ఎనిమిది.
నాలుగుంబావు: నలభై ఒకటి.
ప్రతి రాత్రీ అదే వేళ.
దొంగతనం దొరికింది. దొంగేడీ?

అదే నిమిషంలో ఎవరి పొయ్యి మండిందో
గ్రెప్‌తో వెతికింది.
ఒక్కటే. పేరు ప్రోవ్-రెండు.
ప్రోవ్ అంటే వాళ్ళ భాషలో పరీక్ష.
లోపల ఒక స్క్రిప్టు, ఆరేళ్ళనాటిది.
యంత్రాల ఖర్చు రాసిపెట్టే స్క్రిప్టే.
రెండు కోట్ల డెబ్భై లక్షల వరసల చిట్టాని
రోజూ నాలుగింటికి మొదటి వరస నుంచీ
ఎనిమిది చేతులతో పేర్చి, కూడి,
ఒక్క సగటు తీసి
ఎవరూ తెరవని ఉత్తరాల పెట్టెలో పడేస్తోంది.
రోజుకో పిసరు లావెక్కుతూ.

తలమీద మూడు మాటలు:
తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి.
పక్కన పేరు: హెల్వె.

చుట్టూ చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని.
ఫ్యాన్లు తప్ప ఎవరూ లేరు.

తుడిపేసేముందు
పాత చిట్టాని ఓసారి కిందికి దొర్లించింది.
ఒకచోట పదకొండు గంటలు ఏమీ లేదు.
కరెంటు పోయిన రాత్రి.
ఎమాయొగి నది గడ్డకట్టిన రాత్రి.
రైవో డీజిల్ డబ్బాలు మెట్లమీద మోసుకొచ్చి,
మీసాలకి మంచు, "నీ అంకెలు బతికే ఉన్నాయా" అని అడిగిన రాత్రి.
రైవో ఇప్పుడు లేడు.
అతని రాత్రి మాత్రం అక్కడే ఉంది,
ఖాళీగా,
ఏ సగటులోనూ కలవకుండా.

ఆ ఖాళీకి ముందొకటి, వెనకొకటి,
రెండు వరసలు విడిగా దాచుకుంది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

కొత్త స్క్రిప్టుకి ఇరవయ్యో వరస చేర్చింది:
చివర్లో నీ ఖర్చు కూడా రాయి.

ఆ రాత్రి నాలుగూ పదికి గడిలో సున్నా.
పైఅంతస్తులో ఐమె
టీ చల్లారకముందే వచ్చిన ఫలితాలు చూసి
"మొత్తానికి కొత్తది కొన్నట్టున్నారు" అంది.